తీగ కాదు, ఆకు: ఎగబాకే ఫెర్న్‌ని గుర్తుపట్టడం, పెంచడం, మందు మాట వస్తే జాగ్రత్తపడటం ఎలా

మనీప్లాంట్‌కి చేసినట్టే చేశాను. తెలిసినవాళ్ల జీడితోట గట్టు మీద పొదల్లో అల్లుకున్న సన్నటి తీగని జానెడు జానెడు ముక్కలుగా కత్తిరించి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, వంటింటి కిటికీలో పెట్టాను. పది రోజులకి నీళ్లు కంపు కొట్టాయి, ఒక్క వేరూ రాలేదు. మిగిలిన ముక్కలు కుండీలో గుచ్చితే అవీ ఎండి పుల్లలయ్యాయి. నా చెయ్యి మంచిది కాదేమో అనుకున్నాను. చేతి తప్పేం లేదు. నేను కత్తిరించినది అసలు కాండమే కాదు, ఆకు.

ఆ మొక్క లైగోడియం. ఫెర్న్ జాతి. పువ్వు, కాయ, విత్తనం ఏవీ ఉండవు. తూర్పు కనుమల్లో, పడమటి కనుమల్లో, అక్కడి నుంచి మలేషియా, చైనా, ఫిలిప్పీన్స్ దాకా వేడి, తేమ ఉన్న చోటల్లా దీని జాతులు పెరుగుతాయి. అన్నిచోట్లా ఏదో ఒక మందుగా వాడారు. కామెర్లకి, కురుపులకి, మూత్రం మంటకి, పాముకాటుకి, ఇలా జాబితా పెద్దదే. అది చదివి మురిసిపోయేముందు మొక్కని సరిగ్గా తెలుసుకుందాం. దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎక్కడ ఆగిపోవాలో వరసగా చెబుతాను.

1. ముందు ఈనె పట్టుకుని కిందికి వెళ్లండి

పొదల మీద పాకిన తీగ కనిపిస్తే లాగకండి. వేళ్లతో పట్టుకుని మెల్లగా మొదలు దాకా వెళ్లండి. మామూలు తీగైతే నేల దగ్గర లావుగా కాండం కనిపిస్తుంది. లైగోడియం అయితే సన్నటి, గట్టి, ఇనప తీగలాంటి కాడ నేరుగా మట్టిలోకి దిగిపోతుంది. కాస్త మట్టి కదిలిస్తే ముదురు రంగు నూగుతో కొమ్ము ఒకటి అడ్డంగా పాకి ఉంటుంది. పసుపు కొమ్ములాగే ఇదీ కాండమే, కానీ చాలా సన్నం. పైన పది, పదిహేను అడుగులు ఎగబాకినదంతా ఒకే ఒక్క ఆకు. మీరు తీగ అనుకుని పట్టుకున్నది ఆ ఆకు ఈనె. కొబ్బరాకు ఈనె ఒక పొడవు దాకా పెరిగి ఆగిపోతుంది కదా, దీనికి ఆ ఆగడం లేదు. కొస పెరుగుతూనే, దొరికిన పుల్లని చుట్టుకుంటూ పోతుంది.

ఇప్పుడు ఈనెకి రెండు పక్కలా చూడండి. పొట్టి కాడ ఒకటి బయటికి వచ్చి, అక్కడి నుంచి రెండు చిట్టి ఆకులు చెరో వైపు విప్పుకుంటాయి. ఆ రెండిటి మధ్య, సరిగ్గా చీలిక దగ్గర, గోధుమరంగు నూగుతో ఆవగింజంత మొగ్గ ఉంటుంది. అది నిద్రపోతున్న మొగ్గ. పైన కొస తెగిపోతే ఇలాంటి మొగ్గలే లేచి పెరుగుతాయి. భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చాలు. ఈ నూగు మొగ్గ కనిపించిందంటే సగం గుర్తింపు అయిపోయినట్టే.

2. ఏ లైగోడియం?

మన వైపు ఎక్కువగా కనిపించేది లైగోడియం ఫ్లెక్సుయోసమ్. చిట్టి ఆకులు కొంచెం పెద్దవి, పొడుగ్గా ఉంటాయి, అంచులకి సన్నటి రంపపు పళ్లు. అడుగున ఉన్నవి చేతివేళ్లలా చీలి ఉంటాయి, కొస ఆకు మిగతావాటికంటే పొడుగు.

లైగోడియం మైక్రోఫిల్లమ్‌కి ఆకులు చిన్నవి, అంచులు చీలవు. ప్రతి చిట్టి ఆకు కాడ దగ్గర చిన్న కీలు ఉంటుంది. ఆకు ఎండితే ఆ కీలు దగ్గర ఊడి, కాడ మాత్రం మిగులుతుంది. ఫ్లెక్సుయోసమ్‌కి ఈ కీలు లేదు. రెండూ ఒకేచోట దొరికితే ఈ ఒక్క తేడా చూస్తే చాలు. మూడోది లైగోడియం జపోనికమ్, ఆకులు కొత్తిమీర తలపించేంత సన్నగా చీలి ఉంటాయి. చైనా వైద్యంలో వాడేది ఇదే.

అనుమానం ఉంటే ఒక చిన్న ముక్క, సిద్ధబీజాలున్న (ఫెర్న్‌కి విత్తనాల బదులు ఉండే పొడి, స్పోర్లు) ఆకుతో సహా, పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి. రోజూ పేపర్లు మార్చండి, లేకపోతే బూజు పడుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎలాంటి నేలలో దొరికిందో చీటీ రాసి పెట్టండి. దగ్గరలోని కాలేజీ బోటనీ లెక్చరర్‌కి చూపిస్తే చాలాసార్లు పని అయిపోతుంది. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ఫోన్‌లో మొక్కల యాప్‌ని మాత్రం ఫెర్న్‌ల విషయంలో నేను నమ్మను. నాకు ఒకే మొక్కకి మూడు ఫొటోలు, మూడు పేర్లు చెప్పింది.

3. పేరు చెప్పి తెప్పించుకోకండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. ఈ ఫెర్న్‌కి పుస్తకాల్లో ఇచ్చే సంస్కృత పేర్లలో రుద్రజట ఒకటి. అదే పేరు ఈశ్వరి మొక్కకి, అంటే మన ఊళ్లలో ఈశ్వర వేరు అని పిలిచే తీగకి కూడా ఉంది. ఈశ్వరిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీలని పాడుచేస్తుంది. క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల పట్టికలో ఉంది. "రుద్రజట వేరు కావాలి" అని పచారీ కొట్టులో అడిగితే మీ చేతికి ఏది వస్తుందో ఆలోచించండి. రెండూ తీగలే, ఎండిన వేరు ముక్కలు చూసి తేడా చెప్పడం మామూలువాళ్ల వల్ల కాదు.

అందుకే ఎవరైనా పేరు చెబితే, "ఏదీ, ఒకసారి మొక్క చూపిస్తారా అండీ?" అని అడగండి. పచ్చి మొక్క, ఆకుతో సహా కళ్లారా చూడాలి. మన్యంలో వైద్యం చేసే పెద్దవాళ్లు దీనికి ఏమీ అనుకోరు. పొడి చేసి పొట్లాం కట్టి అమ్మేవాళ్లే విసుక్కుంటారు.

4. కోసేటప్పుడు

పైన చెప్పింది గుర్తుంది కదా, పాకిందంతా ఒకే ఆకు. మొదలు దగ్గర కత్తి పెడితే ఒక్క దెబ్బకి మొత్తం ఆకు పోతుంది. కాబట్టి చివర్ల నుంచి రెండు మూడు జతల చిట్టి ఆకులు మాత్రం తుంచండి. కింద మొగ్గలు చూసుకుంటాయి.

కొమ్ము తవ్వకండి. సంప్రదాయ వాడకంలో వేరునే ఎక్కువ అడుగుతారు, చిక్కంతా అక్కడే వస్తోంది. ఆకు కోస్తే మొక్క బతుకుతుంది, కొమ్ము తీస్తే ఆ చోట దాని కథ ముగిసినట్టే. ఇక రిజర్వ్ ఫారెస్ట్‌లో, పాపికొండల లాంటి నేషనల్ పార్కులో అయితే ఆకు కూడా ముట్టకూడదు. తోట గట్లు, చెరువు కట్టలు, సొంత పొలం ఉన్నాయిగా, అక్కడ చూడండి.

5. పొడి పట్టడం

ఇదే ఈ మొక్కలో నాకు బాగా ఇష్టమైన భాగం. వానలు వెనకబడ్డాక కొన్ని ఆకుల అంచులు మారిపోతాయి. సాఫీగా ఉండాల్సిన అంచు చుట్టూ చిన్న చిన్న వేళ్లు మొలిచినట్టు, దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఒక్కో వేలు బియ్యపు గింజంత ఉంటుంది. వెనక్కి తిప్పితే రెండు వరసల్లో పొలుసులు, జడ అల్లినట్టు. ఆ పొలుసుల కింద సిద్ధబీజాల సంచులు ఉంటాయి. పచ్చగా ఉంటే ఇంకా ముదరలేదు. గోధుమరంగుకి తిరుగుతుంటే సమయం వచ్చినట్టు. పూర్తిగా ఎండి ముడుచుకుంటే పొడి ఎగిరిపోయింది, మీరు ఆలస్యం.

పొద్దున్నే, మంచు ఆరకముందే కోయండి. చైనాలో ఈ పొడి సేకరించేవాళ్ల పద్ధతి ఇదే. తడి ఉంటే పొడి గాలికి లేవదు. ఇంటికి తెచ్చి తెల్ల కాగితం మీద పరిచి, పైన ఇంకో కాగితం కప్పండి. ఫ్యాన్ ఆపండి. మళ్లీ చెబుతున్నాను, ఫ్యాన్ ఆపండి. మొదటిసారి నేను ఆపలేదు. సాయంత్రానికి కాగితం ఖాళీ, టీవీ మీద, దుప్పటి మీద, దేవుడి గూట్లో పసుపు చల్లినట్టు పొడి.

రెండు రోజులకి ఆకులు ఎండుతాయి. మెల్లగా తట్టి, ఆకులు తీసేసి, పొడిని టీ జల్లెడలో జల్లించండి. మిగిలేది లేత గోధుమ పసుపు రంగు పొడి. వేళ్ల మధ్య రుద్ది చూడండి, టాల్కం పౌడర్‌లా జారిపోతుంది.

చైనా వాళ్లు జపోనికమ్ నుంచి తీసిన ఈ పొడిని హై జిన్ షా అంటారు, సముద్రపు బంగారు ఇసుక అని అర్థం. మూత్రం మంట, రాళ్లు, మూత్రం కట్టుకుపోవడం లాంటి వాటికి ఇస్తారు. వాళ్ల ఫార్మకోపియాలో, అంటే అధికారిక మందుల గ్రంథంలో, మోతాదు 6 నుంచి 15 గ్రాములు. గుడ్డలో మూట కట్టి మరిగించాలి. ఎందుకంటే నేరుగా వేస్తే నీళ్ల మీద తేలిపోతుంది, గొంతులో పడుతుంది. బజారులో దీంట్లో ఇసుక, ఇటుక పొడి కలుపుతారని కల్తీ పట్టే పరీక్షలు కూడా ఉన్నాయి. రెండూ మీరు చేసి చూడొచ్చు.

మొదటిది నీళ్ల పరీక్ష. చిటికెడు పొడి గిన్నెలో నీళ్ల మీద చల్లండి. అంతా తేలాలి. అడుగుకి ఏదైనా చేరితే అది మట్టి. అదే గిన్నె పొయ్యి మీద పెట్టి వేడి చేస్తే పొడి నెమ్మదిగా మునుగుతుంది.

రెండోది మంట పరీక్ష. ప్రమిదలో దీపం వెలిగించి, మోచెయ్యి దూరం నుంచి అతి కొంచెం పొడి మంట మీద రాల్చండి. చిటపటమంటూ మతాబులా భగ్గుమని వెలిగి, బూడిద కూడా మిగలకుండా పోతుంది. మట్టి కలిస్తే ఈ మెరుపు ఉండదు, కింద మడ్డి మిగులుతుంది. పిల్లలని దూరంగా ఉంచండి, పొడి డబ్బాని దీపం దగ్గరికి తేకండి, ముఖం దగ్గర పెట్టుకుని ఊదకండి. మా ఇంట్లో ఇది దీపావళి వారంలో చేశాం. మా అబ్బాయికి కాకరపువ్వొత్తుల కంటే ఇదే నచ్చింది.

పొడి బాగుందని తేలితే తాగేయమని కాదు. ఆ మందు అక్కడి వైద్యుడు నాడి చూసి, వేరే మూలికలతో కలిపి రాసేది. మూత్రంలో రక్తం, నడుములో పోటు, చలి జ్వరం ఉంటే మీకు కావాల్సింది స్కాన్, యూరిన్ కల్చర్.

6. కుండీలో పెంచడం

రెండు దారులు. తేలికైనది విభజన. ఎవరి దగ్గరైనా పెరిగిన మొక్క ఉంటే, తొలకరి పడ్డాక కొమ్ములో వేళ్లు, రెండు మూడు ఆకులు ఉన్న ముక్క అడిగి తెచ్చుకోండి. కొబ్బరి పొట్టు, ఆకుల ఎరువు, కాస్త ఇసుక కలిపిన మట్టిలో లోతు లేకుండా అడ్డంగా పెట్టండి. నీడ కావాలి, నీళ్లు నిలవకూడదు. పాకడానికి సన్నటి తాడు కట్టండి. గోడకి ఆనిస్తే లాభం లేదు, మనీప్లాంట్‌లా అంటుకునే వేళ్లు దీనికి లేవు. లావు కర్ర కూడా చుట్టుకోలేదు. నేను పాత నైలాన్ బట్టల తాడు విప్పి, పురితాడంత సన్నగా చేసి కట్టాను, వారంలో పట్టుకుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకులన్నీ ఎండిపోతే పారేయకండి. కొమ్ము బతికి ఉంటే వానలకి చుట్టచుట్టుకున్న కొత్త మొలక వస్తుంది.

రెండో దారి పొడి నుంచి. ఓపిక ఉన్నవాళ్లకి మాత్రమే. బిర్యానీ పార్సిల్ వచ్చే మూత ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. జల్లించిన కొబ్బరి పొట్టు వేసి, సలసల కాగే నీళ్లు పోసి, మూత పెట్టి చల్లారనివ్వండి. ఎక్కువ నీళ్లు వంపేయండి. మడిచిన కాగితంలో కొంచెం పొడి పెట్టి, పైన వేలితో తట్టండి. పలచగా పడాలి. మట్టితో కప్పకండి, మొలవడానికి వెలుతురు కావాలి. మూత పెట్టి ఎండ నేరుగా తగలని కిటికీ దగ్గర ఉంచండి.

రెండు మూడు వారాలకి పచ్చటి పొర కనబడుతుంది. అది నాచు అనుకుని నేను ఒక డబ్బా పారేశాను, మీరు పారేయకండి. ఇంకొన్నాళ్లకి ఆ పొరలో గోరు కొసంత హృదయాకారపు పలకలు తేలతాయి. ఫెర్న్ జీవితంలో మగ, ఆడ కణాలు తయారయ్యేది ఈ పలకల మీదే. మగకణాలు నీటిలో ఈది వెళ్లాలి కాబట్టి ఈ దశలో రోజు విడిచి రోజు నీళ్లు స్ప్రే చేయండి. పలచగా చల్లమన్నది కూడా ఇందుకే. ముందు ఎదిగిన పలక ఒక రసాయనం వదిలి, పక్కన ఉన్న చిన్నవాటిని మగవాటిగా మార్చేస్తుంది. ఈ వింతని శాస్త్రవేత్తలు జపోనికమ్‌లో బాగా పరిశోధించారు. కిక్కిరిస్తే డబ్బా నిండా మగవే మిగులుతాయి. మూడు నాలుగు నెలలకి చిన్న విసనకర్రలాంటి తొలి ఆకులు వస్తాయి. పాకడం ఆ తర్వాతే.

7. ఒంటి పైన వాడాలనుకుంటే

మన దేశంలో ఫ్లెక్సుయోసమ్ గురించి తరచుగా రాసేది ఇది: పచ్చి వేరుని ఆవనూనెలో కాచి, కీళ్ల నొప్పులు, బెణుకులు, గజ్జి, తామర, రాచకురుపులకి పూయడం. మలేషియా, ఇండొనేషియా వైపు మైక్రోఫిల్లమ్ ఆకు నూరి వాపులకి, చర్మం సమస్యలకి పట్టు వేస్తారు. వేరు తవ్వొద్దని చెప్పాను కాబట్టి, చేసి చూడాలని మనసుంటే ఆకు పట్టు వరకే వెళ్లండి.

మొక్క ఖాయంగా గుర్తుపట్టాక, శుభ్రంగా కడిగిన నాలుగైదు లేత ఆకులు నూరండి. ముందు ముంజేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత పూసి, ఒక రోజు ఆగండి. దురద, ఎరుపు లేకపోతే బెణుకు మీద, వాపు మీద పల్చగా పెట్టి, గంటలో కడిగేయండి. తెగిన చర్మం మీద వద్దు. పచ్చి ఆకు మీద మట్టిలోని సూక్ష్మజీవులు ఉంటాయి, పుండులోకి వాటిని మనమే పంపినట్టవుతుంది.

రాచకురుపు లేచిందంటే ఏ ఆకు పూయాలా అని వెతకకుండా ముందు షుగర్ టెస్ట్ చేయించుకోండి. షుగర్ ఉన్నట్టు తెలియనివాళ్లకి అది తెలిసేది చాలాసార్లు ఇలాంటి కురుపుతోనే.

ఫిలిప్పీన్స్‌లో లైగోడియం కాడ నమిలి పాముకాటు మీద పెట్టడం పాత ఆచారం. అదే కాడని చీల్చి బుట్టలు, టోపీలు అల్లుతారు. థాయ్‌లాండ్‌లో నకోన్ సి తమ్మరాత్ ప్రాంతం ఈ కాడతో అల్లే చేతిసంచులకి పేరుపడింది. అల్లకానికి అద్భుతమే. పాముకాటుకి మాత్రం ఆసుపత్రిలో ఇచ్చే యాంటీవీనమ్ ఒక్కటే మందు.

8. కామెర్లకి పసరు తాగమంటే

ఇంటర్నెట్‌లో ఈ ఫెర్న్ పేరు వెతికితే మొదట వచ్చేది లివర్ సంగతే. దానికి ఆధారం ఉంది. తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీలో ఎలకలకి కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇచ్చి లివర్ పాడుచేసి, ఫ్లెక్సుయోసమ్ సారం ఇస్తే నష్టం తగ్గిందని 2006లో ప్రచురించారు. అయితే వాళ్లు వాడింది హెక్సేన్ అనే ద్రావకంతో తీసిన సారం. రోట్లో దంచి, గుడ్డలో పిండిన పసరులో అదే పదార్థం, అదే మోతాదు ఉంటుందని ఎలా అనుకుంటాం? పైగా అవి ఎలకలు.

మరి పసరు తాగి తగ్గినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. కామెర్లలో ఎక్కువ భాగం హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌ల వల్ల, కలుషితమైన నీళ్ల నుంచి వస్తాయి. విశ్రాంతి తీసుకుంటే చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు పోసినవాడికి పేరు ఊరికే వస్తుంది. అదే పచ్చదనం హెపటైటిస్ బీ వల్లో, పిత్తనాళంలో రాయి అడ్డుపడటం వల్లో, గడ్డ వల్లో వస్తే పసరుతో గడిపిన నెల రోజులూ వృథా.

కళ్లు పచ్చబడితే చేయాల్సింది: లివర్ ఫంక్షన్ టెస్ట్, హెపటైటిస్ బీ పరీక్ష, అవసరమైతే అల్ట్రాసౌండ్. మలం తెల్లబడినా, ఒళ్లంతా దురద పెట్టినా, వాంతులు ఆగకపోయినా, మనిషి మగతగా, తికమకగా మాట్లాడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణి అయితే ఒక్క రోజు కూడా ఆగొద్దు, వాళ్లకి హెపటైటిస్ ఈ ప్రాణం మీదికి తెస్తుంది. ఇప్పటికే ఏదైనా పసరు తాగి ఉంటే డాక్టర్ దగ్గర దాచకండి. తిడతారని దాస్తారు. ఆకు ముక్క ఉంటే జేబులో వేసుకుని తీసుకెళ్లి చూపించండి.

9. విదేశాల్లో ఉన్నవాళ్లకి

ఫ్లోరిడాలో ఉంటే ఈ మొక్క పెంచాలన్న ఆలోచనే పెట్టుకోకండి. మైక్రోఫిల్లమ్ అక్కడి చిత్తడి అడవుల్లో చెట్ల తలల దాకా ఎక్కి, కిందివాటికి ఎండ తగలకుండా దుప్పటిలా కప్పేసింది. కార్చిచ్చు వస్తే మంట నేల మీద ఆగకుండా ఈ ఎండు ఆకుల నిచ్చెన పట్టుకుని చెట్టు కొనకి పోతుంది. ఈ ఫెర్న్‌ని తినే చిన్న మాత్ పురుగుని 2008 నుంచి ప్రత్యేకంగా వదులుతున్నారు. మైక్రోఫిల్లమ్, ఫ్లెక్సుయోసమ్ రెండూ అమెరికా ఫెడరల్ కలుపు మొక్కల పట్టికలో ఉన్నాయి. ఊరి నుంచి అమ్మ కాగితంలో పొట్లాం కట్టి ఇచ్చినా సూట్‌కేసులో పెట్టుకోవద్దు. అక్కడ ఇలాంటి అడవిలో నడిచి వస్తే బూట్లు, ప్యాంటు మడతలు కారెక్కకముందే దులుపుకోండి.